అమ్మ హార్మోన్ మందు దొరకట్లేదా? ఫార్మసీ కౌంటర్ వెనక నుంచి కొన్ని మాటలు

నేను ఇంగ్లండ్‌లో ఒక ఫార్మసీలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మన ఊళ్ళో మెడికల్ షాపు అంటామే, అలాంటిదే. కాకపోతే ఇక్కడ డాక్టర్ చీటీ లేకుండా చాలా మందులు ఇవ్వరు. ఈ ఎపిసోడ్ మెనోపాజ్ మందుల గురించి. "నాకు ఇరవై రెండేళ్ళే, నాకెందుకక్కా" అని వేలితో పైకి తోసేయకండి. ఎందుకంటే కౌంటర్ దగ్గరికి వచ్చి "మా అమ్మ మందు వచ్చిందా?" అని అడిగేది ఎక్కువగా మీరే. అమ్మకి ఇంగ్లీషులో ఈ విషయం మాట్లాడాలంటే మొహమాటం. నాన్నకి తెలుగులో మాట్లాడాలన్నా మొహమాటమే. చివరికి పని మీ మీద పడుతుంది. "స్టాక్ లేదు" అన్న మాట విని ఇంటికెళ్ళి "లేదంట అమ్మా" అని చెప్పేస్తారు. అక్కడితో ఆగిపోతుంది. అక్కడ ఆగకూడదు అని చెప్పడానికే ఈ వీడియో.

ముందు మందేంటో రెండు ముక్కల్లో చెప్పేస్తా. ముట్లు ఆగిపోయే వయసులో అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారుచేయడం తగ్గిస్తాయి. బ్రిటన్‌లో ఆ వయసు సగటున 51. మన ఇండియాలో ఇంకా ముందే, సుమారు 46, 47 దగ్గర. ఒంట్లోంచి ఉన్నట్టుండి వేడి ఆవిర్లు, అర్ధరాత్రి దుప్పటి తడిసిపోయేంత చెమట, నిద్ర లేకపోవడం, చీటికిమాటికి కోపం, పేర్లు గుర్తురాకపోవడం. అందరికీ ఇవన్నీ రావు, కొందరికి మాత్రం బతుకు నరకమైపోతుంది. అలాంటివాళ్ళకి తగ్గిన హార్మోన్‌ని బయటి నుంచి ఇస్తారు. దాన్నే హెచ్‌ఆర్‌టీ అంటారు. గర్భసంచి ఉన్నవాళ్ళకి ఇందులో రెండు భాగాలుంటాయి, ఈస్ట్రోజన్ ఒకటి, ప్రొజెస్టిరాన్ రకం హార్మోన్ ఇంకొకటి. ఈ "రెండు" అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఈ వీడియో అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు కొరత సంగతి. 2022 వసంతంలో బ్రిటన్‌లో ఈస్ట్రోజెల్ అనే పంపు జెల్ షాపుల్లోంచి మాయమైపోయింది. అంతకుముందు ఏం జరిగిందో తెలిస్తే ఆశ్చర్యం అనిపించదు. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనని మధ్యలో ఆపేశారు, హెచ్‌ఆర్‌టీ వల్ల రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు వస్తున్నాయని వార్తలొచ్చాయి. ప్రపంచమంతా డాక్టర్లు, ఆడవాళ్ళు భయపడి మానేశారు. ఆ పరిశోధనలో ఉన్నవాళ్ళ సగటు వయసు 63 అనీ, యాభైల్లో మొదలుపెట్టేవాళ్ళ లెక్క వేరనీ అందరికీ అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది. 2015లో ఇక్కడి నైస్ సంస్థ మెనోపాజ్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2021లో డేవినా మెకాల్ అనే టీవీ యాంకర్ ఛానల్ 4లో మెనోపాజ్ మీద డాక్యుమెంటరీ చేశారు. ఇక ఆగలేదు, ఇన్నాళ్ళూ ఓర్చుకున్నవాళ్ళంతా జీపీ దగ్గరికి వెళ్ళారు. ఇంగ్లండ్‌లో 2021-22లో సుమారు 78 లక్షలున్న హెచ్‌ఆర్‌టీ చీటీలు మరుసటి ఏడాదికి సుమారు 1.1 కోట్లయ్యాయి.

గిరాకీ ఇలా పెరిగితే సరుకు వెంటనే పెరగదు. మందు అంటే ఇడ్లీ పిండి కాదు కదా, సాయంత్రం చుట్టాలొస్తున్నారని ఇంకో గ్లాసు మినప్పప్పు నానబెట్టడానికి. ఏ ఫ్యాక్టరీలో ఎన్ని తయారుచేయాలో కంపెనీలు నెలల ముందే లెక్కేసుకుంటాయి. ఒక జెల్‌ని ఒకే కంపెనీ చేస్తుంటే, అది దొరక్కపోతే జనం రెండో రకం మీద పడతారు, అదీ అయిపోతుంది, తర్వాత మూడోది. 2022లో నేను చూసింది సరిగ్గా అదే. జెల్ లేదంటే సాషేలు, సాషేలు లేవంటే స్ప్రే. కార్ పార్కుల్లో కలుసుకుని ఒకరి మందు ఒకరు కొనుక్కుంటున్నారని అప్పుడు పత్రికల్లో కూడా వచ్చింది. ప్రభుత్వం ఏప్రిల్‌లో మాడెలీన్ మెక్‌టర్నన్ అనే ఆవిడని ఈ పని మీదే ప్రత్యేకంగా పెట్టింది. అంతకుముందు కోవిడ్ వ్యాక్సిన్ల టాస్క్‌ఫోర్స్‌లో పనిచేసిన మనిషి. 2023లో మళ్ళీ యూట్రోజెస్టాన్ అనే ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్ కొరత వచ్చింది. ఆస్ట్రేలియాలో అయితే 2024 నుంచి ప్యాచ్‌లకి ఇబ్బంది. మెల్‌బోర్న్, సిడ్నీల్లో చూస్తున్న మనవాళ్ళు, ఇది మీక్కూడా. అంటే ఇది ఒక్కసారి వచ్చి పోయే తుఫాను కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చే నీటి ఎద్దడి లాంటిది.

సరే, "స్టాక్ లేదు" అన్నారు. ఇప్పుడేం చేయాలి?

మొదట ఒక సంగతి అర్థం చేసుకోండి. మామూలు రోజుల్లో డాక్టర్ చీటీలో రాసింది మార్చే అధికారం నాకు లేదు. చీటీలో 50 ప్యాచ్ అని ఉంటే, నా దగ్గర 25 ప్యాచ్‌లు అల్మారా నిండా ఉన్నా, "రెండు అతికించుకోండి" అని నేను ఇవ్వలేను. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. దీనికో మినహాయింపు ఉంది. 2019లో సీరియస్ షార్టేజ్ ప్రోటోకాల్ అని ఒక ఏర్పాటు చట్టంలోకి తెచ్చారు. ఫలానా మందుకి తీవ్రమైన కొరత ఉందని ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ కాగితంలో రాసిన మేరకు ఫార్మసిస్టు మళ్ళీ డాక్టర్‌ని అడగకుండా తక్కువ పరిమాణం గానీ, వేరే మందు గానీ ఇవ్వొచ్చు. 2022 ఏప్రిల్ 29న ఈస్ట్రోజెల్‌తో పాటు ఇంకో రెండు మందులకి ఇది వర్తింపజేసి, ఒక్కొక్కరికి మూడు నెలల మందే ఇవ్వమన్నారు. కొద్ది వారాల్లోనే ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చే వీలు కూడా కల్పించారు. అందుకే కౌంటర్ దగ్గర మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, "దీని మీద షార్టేజ్ ప్రోటోకాల్ ఏమైనా నడుస్తోందా?" ఉంటే అప్పటికప్పుడే పని అయిపోవచ్చు.

లేకపోతే రెండో ప్రశ్న, "దీని బదులు వాడదగ్గవాటిలో ఇవాళ మీ దగ్గర ఏముంది?" ఈ ఒక్క ప్రశ్న వారం రోజులు మిగులుస్తుంది, నిజంగా. చాలామంది చేసేదేంటంటే, ఫార్మసీలో లేదనగానే జీపీకి ఫోన్ చేస్తారు. జీపీకి ఏ షాపులో ఏముందో తెలియదు. ఆవిడ ఇంకో మందు రాస్తారు, అదీ దొరకదు. మళ్ళీ ఫోను, మళ్ళీ క్యూ. అలా కాకుండా ముందు ఫార్మసీలో ఏముందో కనుక్కుని, పేరు, బలం ఫోన్‌లో ఫొటో తీసుకుని, అప్పుడు జీపీకి చెప్పండి: "అమ్మ రోజుకి ఈస్ట్రోజెల్ రెండు పంపులు వాడుతోంది, అది దొరకట్లేదు, ఫలానా ఫార్మసీలో 50 ప్యాచ్ ఉందంటున్నారు, అది రాస్తారా?" రెండు పంపులు, వారానికి రెండుసార్లు మార్చే 50 మైక్రోగ్రాముల ప్యాచ్ సుమారుగా సమానం. ఇలా దేనికి ఏది సమానమో చెప్పే పట్టికని బ్రిటిష్ మెనోపాజ్ సొసైటీ తయారుచేసింది, డాక్టర్లు అది చూసే రాస్తారు. ఆ పట్టిక చూసి మీరే ఇంట్లో మార్చేయకండి. సుమారుగా సమానం అంటే అచ్చంగా సమానమని కాదు. ఒకరి చర్మం జెల్‌ని బాగా పీల్చుకుంటుంది, ఇంకొకరిది పీల్చుకోదు.

ఇంకో చిట్కా. ఇక్కడ చీటీలు ఎలక్ట్రానిక్‌గా వస్తాయి. మా షాపుకి వచ్చిన చీటీని మీరు అడిగితే మేము వెనక్కి పంపేస్తాం, మీరు ఇంకో షాపులో తీసుకోవచ్చు. అది మీ హక్కు, మేమేం అనుకోం. చిన్న షాపులు, పెద్ద చెయిన్ షాపులు వేర్వేరు హోల్‌సేలర్ల దగ్గర కొంటాయి కాబట్టి ఒకచోట లేనిది వీధి చివర ఉండొచ్చు. కాకపోతే ఒకే చీటీలో జెల్, క్యాప్సూల్ రెండూ ఉంటే, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ తీసుకోవడం కుదరదు. మొత్తం చీటీ కలిసే కదులుతుంది. అందుకని కొరత రోజుల్లో రెండిటినీ వేరు వేరు చీటీలుగా రాయమని జీపీని ముందే అడగండి. ఇది చాలామందికి తెలియదు. ఇంకా, మందు అయిపోయే రోజున కాదు, పది రోజులు మిగిలి ఉండగానే ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో ఆర్డర్ పెట్టించండి. అలాగని ఆరు నెలలది దాచుకోవద్దు. అటకమీద దాచిన ఒక్కో డబ్బా ఇంకో ఇంట్లో ఒకరికి లేని డబ్బా.

ఇప్పుడు అసలు విషయం. కొరత వచ్చినప్పుడు మనవాళ్ళు చేసే పనుల్లో నన్ను నిజంగా భయపెట్టేది ఒకటుంది. రెండు మందుల్లో ఒకటే దొరికింది, అది ఈస్ట్రోజన్. క్యాప్సూల్ దొరకలేదు. "పోన్లే, వేడి ఆవిర్లు తగ్గించేది ఇదే కదా, ఇదొక్కటే వాడుకుందాం." అర్థం చేసుకోదగ్గ ఆలోచనే, కానీ ప్రమాదం. ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరని మందంగా పెంచుతూ పోతుంది. ప్రొజెస్టిరాన్ దాన్ని అదుపులో పెడుతుంది. రెండోది లేకుండా మొదటిది నెలల తరబడి వాడితే ఆ పొరలో క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంకా మోసం ఏంటంటే, క్యాప్సూల్ మానేస్తే ఆవిడకి తేడా ఏమీ తెలియదు. ఒంట్లో హాయిగానే ఉంటుంది. కొందరు ఉన్న క్యాప్సూల్స్‌ని రోజు మార్చి రోజు మింగి సాగదీస్తారు. అదీ అంతే. క్యాప్సూల్ దొరక్కపోతే దారులున్నాయి. రెండు హార్మోన్లూ కలిసి ఉండే ప్యాచ్‌లున్నాయి, వేరే రకం ప్రొజెస్టోజన్ మాత్రలున్నాయి, మిరేనా కాయిల్ ఐదేళ్ళు ఈ పని చేస్తుంది. ఏది సరిపోతుందో డాక్టర్ చెప్తారు. మీరు ఫోన్‌లో చెప్పాల్సింది ఒకటే వాక్యం: "గర్భసంచి ఉంది, ఈస్ట్రోజన్ వాడుతోంది, ప్రొజెస్టిరాన్ అయిపోయింది." ఈ మాట వింటే రిసెప్షన్‌లో కూడా విషయం త్వరగా ముందుకెళ్తుంది.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక ప్రశ్న. మీ అమ్మకి గర్భసంచి ఉందా?

నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, గర్భసంచి తీసేసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. ముప్పైల్లోనే ఆపరేషన్ అయిపోయినవాళ్ళు ఉన్నారు. "పెద్దాపరేషన్ అయింది" అంటారు, అంతకుమించి వివరం ఇంట్లో ఎవరికీ తెలియదు. గర్భసంచి లేనివాళ్ళకి మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది, అంటే క్యాప్సూల్ కొరత వాళ్ళకి సమస్యే కాకపోవచ్చు. ఎండోమెట్రియోసిస్ లాంటివి ఉంటే వేరే లెక్క. కానీ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేశారా అన్నది ఇంకా ముఖ్యం. నలభై దాటకుండానే అవి తీసేసినా, వాటంతటవే పనిచేయడం మానేసినా, ఆవిడకి ఈ మందు వేడి ఆవిర్ల కోసం మాత్రమే ఇవ్వరు. ఎముకల కోసం, గుండె కోసం మామూలు మెనోపాజ్ వయసు వచ్చేదాకా ఇస్తారు. అలాంటివాళ్ళు "దొరకట్లేదుగా, వదిలేద్దాం" అనకూడదు, జీపీకి ఆ సంగతి గట్టిగా చెప్పాలి. ఊళ్ళో బీరువాలో డిశ్చార్జ్ కాగితం ఉంటుంది. పిన్నినో మావయ్యనో వాట్సాప్‌లో ఫొటో పంపమనండి. ఈ ఎపిసోడ్ చూశాక ఒక్క పని చేయాలనుకుంటే అది చేయండి.

సూట్‌కేసు మందుల సంగతి. హైదరాబాద్ నుంచి ఎవరొచ్చినా ఆవకాయ సీసాల పక్కన మాత్రల స్ట్రిప్పులు ఉంటాయి, ఇది మనందరికీ తెలిసిందే. ఇక్కడ జెల్ దొరకలేదని అక్కడి నుంచి ప్రోజినోవా 2 మిల్లీగ్రాముల మాత్రలు, సస్టెన్ క్యాప్సూల్స్ తెప్పించుకుంటారు. మందులు నకిలీవని నేననడం లేదు, మంచివే. ఇబ్బంది వేరే చోట ఉంది. మాత్రగా మింగిన ఈస్ట్రోజన్ ముందు కాలేయం గుండా వెళ్తుంది, దాని వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంచెం పెరుగుతుంది. మామూలు మోతాదులో చర్మం మీద రాసే జెల్, అతికించే ప్యాచ్ వల్ల అది పెరగదు. మీ అమ్మకి బరువు ఎక్కువనో, మైగ్రేన్ ఉందనో, కాళ్ళలో ఒకసారి రక్తం గడ్డకట్టిందనో డాక్టర్ కావాలనే జెల్ రాసి ఉండొచ్చు. ఆ కారణం అట్టపెట్టె మీద రాసి ఉండదు. పైగా అంకెలు తికమక పెడతాయి. ప్యాచ్ మీద 50 అంటే మైక్రోగ్రాములు, మాత్ర మీద 2 అంటే మిల్లీగ్రాములు. వీటిని పక్కపక్కన పెట్టి లెక్కేస్తే ఏదీ తేలదు. తెప్పించుకోవాలనుకుంటే మింగే ముందు ఆ స్ట్రిప్పు మాకు చూపించండి. తిట్టం.

ప్యాచ్‌ని సాగదీయడం కూడా చూస్తుంటా. మూడు నాలుగు రోజులకి మార్చాల్సినది వారమంతా ఉంచేస్తారు. చివరి రోజుల్లో అందులోంచి హార్మోన్ సరిగ్గా రాదు, అంటే సగం వారం మందు లేనట్టే. జెల్ నుంచి కొత్తగా ప్యాచ్‌కి మారినవాళ్ళకి ఎక్కడ అతికించాలో కూడా ఎవరూ చెప్పరు. నడుము కింద, పిరుదు మీదో తొడ మీదో, లోషన్ రాయని పొడి చర్మం మీద. రొమ్ము మీద ఎప్పుడూ వద్దు. ప్యాచ్ నుంచి జెల్‌కి మారితే, రాసుకున్నాక చేతులు కడుక్కోవాలి, అది పూర్తిగా ఆరేదాకా చిన్నపిల్లలు ఆ చోటు తాకకూడదు.

ఇన్ని చేసినా రెండు మూడు వారాలు ఖాళీ రావచ్చు. మామూలు వయసులో మెనోపాజ్ వచ్చినవాళ్ళకి అది ప్రమాదం కాదు, కానీ బాధే. ఆవిర్లు, నిద్రలేమి కొద్ది రోజుల్లోనే తిరిగొస్తాయి. ఆ రోజుల్లో మీ అమ్మ అరిస్తే అది మీ మీద కోపం కాదు. గది చల్లగా ఉంచండి, పలచటి కాటన్ బట్టలు, రాత్రి కాఫీ వద్దు. వంటగదిలో పొయ్యి ముందు గంటలు నిలబడే పని ఎవరైనా పంచుకోండి, పెద్ద సాయం అదే. మందు మార్చాక మొదటి కొన్ని నెలలు కొంచెం బ్లీడింగ్ కనిపించొచ్చు. అయినా జీపీకి చెప్పాలి. ముట్లు ఆగి ఏడాది దాటాక, మందు ఏదీ మార్చకుండానే బ్లీడింగ్ అయితే మాత్రం "వేడి చేసింది" అని మజ్జిగ తాగించి కూర్చోకండి, వెంటనే చూపించండి.

డబ్బు గురించి ఒక్క మాట. స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లాండ్‌లో చీటీ మందులు ఉచితం. ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకీ ఛార్జీ ఉంటుంది, కొరతలో మందులు మార్చినకొద్దీ అది పెరుగుతుంది. 2023 ఏప్రిల్ నుంచి హెచ్‌ఆర్‌టీకి విడిగా ఒక ప్రీపేమెంట్ సర్టిఫికెట్ ఇస్తున్నారు. రెండు మందుల ఛార్జీ కడితే జాబితాలో ఉన్న హెచ్‌ఆర్‌టీ మందులు ఏడాదంతా తీసుకోవచ్చు. మొదట్లో అది 19.30 పౌండ్లు, 2024 మేలో 19.80 అయింది. ఫోన్‌లోనే కొనొచ్చు. అరవై దాటినవాళ్ళకి ఎలాగూ ఛార్జీ లేదు.

ఇక మిమ్మల్ని చూడ్డానికి వచ్చిన అమ్మల విషయం. కూతురి కాన్పుకని, కొడుకు ఇల్లు కొన్నాడని ఆరు నెలలకి వస్తారు, మూడు నెలల మందు తెచ్చుకుంటారు. అది అయిపోయాక ఇక్కడ మాకేం హక్కు ఉంటుందిలే అని ఊరుకుంటారు. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర చూపించుకోవడానికి విజిటర్లకి కూడా ఫీజు లేదు, తాత్కాలిక పేషెంటుగా నమోదు చేసుకోమని అడగొచ్చు. రాసిన మందుకి ఛార్జీ కట్టాలి, అంతే. వెళ్ళేటప్పుడు ఇండియాలో వాడిన మందు అట్టపెట్టె తీసుకెళ్ళండి. బ్రాండ్ పేరు ఇక్కడి డాక్టర్లకి తెలియకపోవచ్చు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరే వాళ్ళకి కావాలి. స్ట్రిప్పు చివరి మాత్ర దాకా వచ్చి ఆ పేరున్న రేకు చిరిగిపోకముందే ఒక ఫొటో తీసి ఉంచండి.